ఇంట్లో గొడవ, మొదటి ప్రేమ: మన నెల్లూరులో ఫోన్‌తో పావుగంట సినిమా తీయడం ఎలా

వేసవి సెలవులు వచ్చాయంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, అమ్మానాన్న విడిపోయిన పిల్లాడి కథ రాసుకున్నా. అందులోనే లవ్ కూడా ఉంది. ఫోన్‌తో తీయొచ్చా? ఎంతవుద్ది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకచోట రాసిపెడుతున్నాను. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మిగతా ఊళ్లవాళ్లు లొకేషన్లు మార్చుకుంటే సరిపోతుంది.

నా దగ్గరికి వచ్చే స్క్రిప్టులు చాలావరకు ఒకేచోట దెబ్బతింటున్నాయి. మొదటి ఏడు నిమిషాలు ఇంట్లో గొడవ, మధ్యలో ఒక పాట, తర్వాత ఏడు నిమిషాలు ప్రేమ. ఆ రెండూ ఒకే పిల్లాడికి, ఒకే వారంలో జరుగుతున్నాయని చూసేవాళ్లకి తెలియనే తెలియదు. కెమెరా గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే నేను దీని మీదే ఎక్కువసేపు ఆగుతాను.

ఏమేం కావాలి

- ఒక ఫోన్, దానిలో కనీసం 30 జీబీ ఖాళీ
- పవర్‌బ్యాంకు, చిన్న ట్రైపాడ్ (లేకపోతే ఇటుకలు, బియ్యం నింపిన గుడ్డ సంచి)
- వెయ్యి రూపాయల లోపు దొరికే కాలర్ మైకు, లేదా ఆడియో రికార్డు చేయడానికి రెండో ఫోన్
- ఒక తెల్ల థర్మాకోల్ షీటు, ఒక ముదురు రంగు దుప్పటి
- నలుగురు నటులు, ముగ్గురు సాయం చేసేవాళ్లు, అందరికీ అన్నం పెట్టే ఒక ఇల్లు

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. షూటింగులు ఆగిపోయేది బ్యాటరీ అయిపోయి కాదు, మధ్యాహ్నం ఆకలికి.

1. ఇల్లు ఎందుకు చెదిరిందో ఒక్క వాక్యంలో రాయండి

ఒక్కటే కారణం ఉండాలి. నాన్న తాగుతాడు, అప్పులున్నాయి, అమ్మకి ఆరోగ్యం బాగాలేదు, నానమ్మ సాధిస్తుంది... ఇన్ని పెడితే పావుగంటలో ఏదీ నిలబడదు. మీకు లోపలి మాటలు తెలిసిన కారణమే తీసుకోండి. మీ ఇంట్లో రొయ్యల చెరువులు ఉంటే అదే మంచి కథ. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు పడితే వారం పది రోజుల్లో చెరువు మొత్తం పోతుందని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. "నలభై కౌంట్ వస్తుందనుకుంటే వంద కౌంట్‌కే పట్టేయాల్సి వచ్చింది" అని నాన్న ఫోన్లో అంటే చాలు. కిలోకి వంద తూగే రొయ్యకీ, నలభై తూగేదానికీ రేటులో ఎంత తేడా ఉంటుందో మన దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. అప్పుల పట్టిక చదివే సీను అక్కర్లేదు.

చెరువులు తెలియకపోతే అమ్మ కువైట్ వెళ్లిన ఇల్లు తీసుకోండి, లేదా నాన్న వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టిన ఇల్లు.

జాగ్రత్త: విడాకులు చూపిస్తే కోర్టు మెట్ల మీద సంతకం పెట్టగానే అయిపోయినట్టు చూపించకండి. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా, అంతకుముందు ఏడాదైనా విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగే పదహారేళ్ల పిల్లాడు ఎవరి దగ్గర ఉంటానంటాడో జడ్జి అడిగి తెలుసుకోవచ్చు. నిజానికి మీ కథకి కావాల్సింది ఆ విడిగా ఉన్న కాలమే. అప్పటికి ఇంకా ఏదీ తేలదు, బంధువులు వచ్చి పోతుంటారు, పెద్దమనుషులు ముందుగదిలో కూర్చుంటారు, పిల్లాడికి ఎవరూ ఏమీ చెప్పరు.

2. వస్తువుల జాబితా రాయండి

ఇది దాటేసి షాట్లలోకి వెళ్లిపోకండి. ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క గొడవకు ముందు ఇల్లు ఎలా ఉందో, కుడి పక్క ఇప్పుడు ఎలా ఉందో రాయండి. మనుషుల బాధ రాయొద్దు, వస్తువులు, అలవాట్లు మాత్రమే రాయండి. నేను ఒకసారి రాసుకున్నది ఇలా ఉంది:

ముందు: గుమ్మం దగ్గర నాలుగు జతల చెప్పులు. ఇప్పుడు: మూడు.
ముందు: మంచం మీద నాన్న, కింద చాప మీద పిల్లాడు. ఇప్పుడు: మంచం ఖాళీ, పిల్లాడు ఇంకా చాప మీదే.
ముందు: బండి తాళం మేకుకి. ఇప్పుడు: మేకు ఒక్కటే.
ముందు: చేపల పులుసు నలుగురికి. ఇప్పుడు: నలుగురికే.

చివరి లైను చూడండి. మిగతా వాటిలో ఏదో ఒకటి తగ్గింది, అందులో తగ్గలేదు. అమ్మ చెయ్యి పాత కొలతకే అలవాటు పడింది. కథ ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసింది ఆ లైను దగ్గరే. మీ జాబితాలో కూడా అలా తేడాగా కనిపించే లైను ఒకటి ఉంటుంది. పది రాస్తే దొరకదు, ముప్పై రాయండి.

3. ఆ వస్తువునే ప్రేమకథలోకి నడిపించండి

నెల్లూరు చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడే బాగుంటుందని మనందరికీ తెలుసు, మామిడికాయ ముక్క పడితే ఇంకా. నాన్న వాటా మిగిలిపోయింది. అమ్మ దాన్ని పారబోయలేక పిల్లాడి క్యారేజీలో పెడుతుంది. వాడు ఇంటర్ ఫస్టియర్, డే స్కాలర్. కాలేజీలో పక్క బెంచీ అమ్మాయి హాస్టల్లో ఉంటుంది, హాస్టల్ సాంబారు తిని విసిగిపోయింది.

"మీ ఇంట్లో రోజూ ఇంత మిగులుద్దా?"
"మా అమ్మకి కొలత తెలీదు."
"నాలుగు ముక్కలుండాయి."
"తిను."
"అయితే రేపు కూడా తీసుకురా."

అంతే. వాడు తన నాన్న వాటా ఆ అమ్మాయికి పెడుతున్నాడు. అది ఆ అమ్మాయికి తెలియదు, మనకు తెలుసు. ఇక ఒకరోజు అమ్మ కొలత మారుతుంది. క్యారేజీలో రెండే ముక్కలు ఉంటాయి. ఆ రోజు వాడు అమ్మాయికి ఏం చెప్పాలి? గొడవ, ప్రేమ రెండూ ఆ గిన్నెలోనే కలిశాయి కదా.

దీన్ని ఎత్తుకోకండి, మీ ఇంటిది మీరు వెతుక్కోండి. మీరు క్రిస్టియన్ ఇంటి కథో ముస్లిం ఇంటి కథో తీస్తుంటే వస్తువులు ఎలాగూ మారతాయి. రొట్టెల పండగ పెట్టాలని చాలామందికి ఉంటుంది, మంచి ఆలోచనే. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరికను బట్టి ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, స్వగృహ రొట్టె మార్చుకుంటారు. పిల్లాడు స్వగృహ రొట్టె కోసం నీళ్లలో నిలబడితే, కొత్త ఇల్లు కట్టుకోవాలని కోరుకుంటున్నాడేమో అని అమ్మాయి అనుకుంటుంది. వాడు అడుగుతున్నది పాత ఇల్లు. కానీ పండగ మొహర్రం నెలలో వస్తుంది, మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఆ జనంలో డైలాగు రికార్డు కాదు. దూరం నుంచి రెండు మూడు షాట్లు తీసుకుని, దగ్గర షాట్లు ఇంకో రోజు వేరే గట్టు మీద తీసుకోండి. తెలియనివాళ్ల ముఖాలు దగ్గరగా తీయకండి, వాళ్లు మొక్కు కోసం వచ్చారు.

4. స్క్రిప్టు పన్నెండు పేజీలు దాటనివ్వకండి

పేజీకి దాదాపు ఒక నిమిషం లెక్క. పన్నెండు పేజీలు రాస్తే తీసేసరికి పావుగంట అవుతుంది.

మాటలు రాశాక బయటకు చదవండి. "నువ్వు ఎందుకు ఇలా ప్రవర్తిస్తున్నావు?" అని మన దగ్గర ఏ తల్లీ అనదు. "ఏందిరా అట్టుండావు?" అంటుంది. నాన్నని "నాయనా" అనే ఇల్లా, "డాడీ" అనే ఇల్లా ముందే తేల్చుకోండి, మధ్యలో మారిపోతే నవ్వొస్తుంది. అలాగని ప్రతి మాటకీ యాస పూయకండి. "పిలకాయలు", "యాడికి", "ఉండాది" లాంటివి నోటికి వచ్చిన చోట వస్తాయి. నటుడు వేరే జిల్లావాడైతే వాడి మాటే ఉంచి, పాత్రని ఆ ఊరివాడిగా మార్చేయండి. నకిలీ యాస కంటే అది నయం.

పరీక్ష: పిల్లాడు తన బాధని నోటితో చెప్పే లైన్లన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయండి. ఇంకా కథ అర్థమవుతుంటే స్క్రిప్టు సిద్ధమైనట్టే. అర్థం కాకపోతే రెండో మెట్టుకి వెనక్కి వెళ్లండి.

5. నటులు, అనుమతులు

పదహారేళ్ల పాత్రకి పద్దెనిమిది నిండినవాళ్లు దొరికితే అదే సుఖం. డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లు చాలామంది ఇంటర్ పిల్లల్లానే ఉంటారు. నిజంగా ఇంటర్ పిల్లల్నే తీసుకుంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి, షూటింగులో ఇంటి పెద్ద ఒకరు ఉండాల్సిందే. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం ముందు పద్దెనిమిదిలోపు అందరూ పిల్లలే. ముద్దులు, కౌగిలింతలు రాయనే రాయకండి. మీ కథకి అవి అవసరం కూడా లేదు. క్యారేజీ మూత తీసి అటువైపు జరపడంలో ఉన్న టెన్షన్ వాటిలో రాదు.

కథలో చిన్న చెల్లెలు ఉందా? 14 ఏళ్లలోపు పిల్లల్ని నటింపజేయాలంటే బాల కార్మిక నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్, అనుమతి తీసుకోవాలి. రోజుకి ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. అంత తిరగలేమంటే చెల్లెల్ని చూపించకండి. పక్కగదిలో ఎక్కాలు చదివే గొంతు, గోడకి వేలాడే స్కూలు బ్యాగు సరిపోతాయి.

రైలు పట్టాల మీద నడిచే షాటు అందరికీ కావాలి. వద్దు. అది ప్రమాదం, పైగా నేరం. స్టేషన్లో తీయాలన్నా రైల్వే అనుమతి కావాలి. పట్టాల పక్కన ఉండే మన ఊళ్లలో రాత్రిపూట గూడ్సు చప్పుడు ఇంట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడే వాడండి.

6. లొకేషను, వెలుగు

మైపాడులో సూర్యుడు సముద్రంలో అస్తమించే షాటు కావాలని స్క్రిప్టులో రాసుకొచ్చినవాళ్లని ముగ్గుర్ని చూశాను. మనది తూర్పు తీరం. మైపాడులో అయినా, కొత్తపట్నంలో అయినా సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, ఊరివైపు దిగిపోతాడు. సముద్రం, సూర్యుడు ఒకే ఫ్రేములో కావాలంటే తెల్లవారుజామున నాలుగింటికే నెల్లూరులో బయలుదేరండి. సాయంత్రం వెళ్తే ఇంకో లాభం ఉంది: సముద్రానికి వీపు పెట్టి నిలబెడితే మెత్తటి ఎండ ముఖం మీద పడుతుంది, వెనక నీళ్లు నీలంగా ఉంటాయి. ప్రేమ సీనుకి నేనైతే ఇదే ఎంచుకుంటాను.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది తర్వాత, సాయంత్రం నాలుగున్నర ముందు బయట తీయకండి. కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, ఫోన్ వేడెక్కి రికార్డింగ్ దానంతట అదే ఆగిపోతుంది. వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ చేరుతుంది. కవరు తీసి నీడలో, ఫ్యాను కింద పెట్టండి. ఆ వేడి గంటల్లో ఇంటి సీన్లు తీసుకోండి: కిటికీ పక్కన నటుడు, కిటికీ వెలుగు తిరిగి ముఖం మీద పడేలా ఎదురుగా థర్మాకోల్.

పెన్న ఇసుకలో తీసేవాళ్లకి ఒక మాట. సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలితే మొన్న నడిచిన చోట ఇవాళ ప్రవాహం ఉంటుంది. మొదలుపెట్టిన సీను ఆ రోజే ముగించండి, దిగేముందు అక్కడివాళ్లని అడగండి.

7. ఫోన్ సెట్టింగులు

లెన్సు గుడ్డతో తుడవండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. ఫ్రేములు సెకనుకి 25, షట్టర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం) 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే ట్యూబ్‌లైటు కింద చారలు, మినుకులు రావు. మీ ఫోన్లో 30 తప్ప వేరే లేకపోయినా షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి చాలు. ఈ ఆప్షన్లు కనిపించకపోతే, మీ ఫోన్లో పనిచేస్తే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చేయండి. లేకపోతే ఎవరైనా వెనక నడిచిన ప్రతిసారీ బొమ్మ వెలిగి ఆరుతుంది. జూమ్ వద్దు, మీరే దగ్గరికి నడవండి. 4కె అవసరం లేదు.

8. సౌండ్

నా మొదటి సినిమా పోయింది ఇక్కడే. చెరువు గట్టు మీద తండ్రీకొడుకుల సీను, ఒకే టేకులో అద్భుతంగా వచ్చింది. ఇంటికొచ్చి వింటే ఏరేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాల) హోరు తప్ప ఒక్క మాట లేదు. షూటింగ్ చేస్తున్నప్పుడు మన చెవి ఆ హోరుకి అలవాటు పడిపోతుంది, మైకు పడదు.

కాబట్టి ప్రతి చోటా ముందు ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లో విని, అప్పుడే నటుల్ని పిలవండి. ఏరేటర్లు ఆపమని మాత్రం ఎవర్నీ అడగకండి. ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు చస్తాయి, మీ సినిమా ఆ నష్టం తీర్చలేదు. గట్టు మీద దూరం షాట్లు తీసి, మాటలు షెడ్డులోనో ఆగి ఉన్న కారులోనో పెట్టుకోండి.

కాలర్ మైకు లేకపోతే రెండో ఫోన్‌ని నటుడి చొక్కా జేబులో రికార్డింగ్‌లో పెట్టండి. టేకు మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టిస్తే ఎడిటింగ్‌లో రెండు సౌండ్లు కలపడం తేలిక. సముద్రం దగ్గర మైకుకి ఊలు సాక్సు తొడగండి. ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులోనే పెట్టండి. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, కోతల మధ్య అతకడానికి అదే పనికొస్తుంది.

9. ఎడిటింగ్, పరీక్ష

కంప్యూటర్ ఉంటే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. సినిమా పాట పెట్టకండి, హక్కులు మీవి కావు, యూట్యూబ్ దాన్ని వెంటనే పట్టేస్తుంది. ఫ్రెండు ఎవరైనా ఫ్లూటో గిటారో వాయిస్తే ఒక్క వాయిద్యంతో రెండుచోట్ల పెట్టండి. ఏడుపు సీను కింద మాత్రం సంగీతం వద్దు.

మొదటి కట్ అయ్యాక కథ తెలియని ముగ్గుర్ని కూర్చోబెట్టి, సౌండ్ పూర్తిగా తీసేసి చూపించండి. తర్వాత మూడే ప్రశ్నలు అడగండి. ఇంట్లో ఎవరు లేరు? అది పిల్లాడికి ఎప్పుడు ఎక్కువ గుచ్చుకుంది? ఆ అమ్మాయికి ఏం తెలుసు, ఏం తెలియదు? మొదటిదానికి ముగ్గురూ సరిగ్గా చెప్పాలి. రెండోదానికి ఇంటి సీను కాకుండా అమ్మాయి ఉన్న సీను చెబితే గొడవకీ ప్రేమకీ మధ్య మీ కుట్టు గట్టిగా పడినట్టే. మూడోదానికి "అన్నీ తెలుసు" అంటే ఎక్కడో మాటలు ఎక్కువయ్యాయి.

"బాగుంది" అనే జవాబు లెక్కలోకి తీసుకోకండి. అది మీ మీద ప్రేమతో అన్నది. వాళ్లు చూస్తున్నప్పుడు పక్క నుంచి గమనించండి, ఫోన్ తీసి చూసిన ప్రతిచోటా టైము రాసుకోండి. ఇద్దరు ఒకేచోట ఫోన్ తీస్తే ఆ సీను కొట్టేయండి, తీయడానికి ఎంత కష్టపడ్డా సరే.

10. అప్‌లోడ్ చేసేముందు

కథ మీ ఇంటిదే అయితే, అమ్మకీ నాన్నకీ విడివిడిగా ముందు చూపించండి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి కలిపేద్దామని ప్రయత్నించకండి, ఒకబ్బాయి అలా చేసి సగంలో ల్యాప్‌టాప్ మూసేయాల్సి వచ్చింది. వాళ్లు వద్దన్న సీను ఏదైనా ఉంటే తీసేయండి. ఊరి పేరు, పాత్ర చేసే పని, ఇంటి గేటు రంగు మార్చినా బంధువులు గుర్తుపడతారు, అది లెక్కలో ఉంచుకోండి.

ఒరిజినల్ ఫైళ్లు రెండుచోట్ల దాచి, అప్పుడు ఫోన్లోంచి తీసేయండి. మెమరీ కార్డు మీద ఇంకు పెన్నుతో తేదీ రాయండి. నేను రాయలేదు. రెండో సినిమా కార్డు మీదే మూడోది తీశాను.